నాలుగో కొండ లోతు

అనగనగా ఒక ఊళ్ళో... ఊరంటే ఎంతనుకున్నావు, సముద్రం ఒడ్డున ముప్ఫై పాకలు. అందులో కొర్లయ్య అనే జాలరి, అతని పన్నెండేళ్ళ కూతురు నూకాలు ఉండేవారు. కాళ్ళాడించకుండా ఊఁ కొట్టు మరి.

ఆ సముద్రం అడుగున వరసగా నాలుగు కొండలున్నాయి. ఒకప్పుడు నిప్పులు కక్కినవే. వాటి సంగతి నూకాలుకి వాళ్ళ తాత, బతికున్నప్పుడు, చెప్పేవాడు. నేల లోపల ఒక పొయ్యి ఉందట. ఆ పొయ్యి కదలదు. దాని మీద సముద్రపు నేలే జరుగుతుంది, నీ గోరు పెరిగినంత మెల్లగా. పొయ్యి మీదికొచ్చిన చోట నేల పొంగి కొండ లేస్తుంది. ఆ తర్వాత ఆ కొండ పక్కకి జరిగిపోతుంది, నిప్పారిపోతుంది, నీళ్ళలోకి కుంగుతుంది. అప్పుడు దాని వెనక ఇంకో కొండ పుడుతుంది. ఎన్ని లక్షల ఏళ్ళ ఓపికో చూడు. నాకైతే పప్పు ఉడికేదాకా కూడా ఓపిక ఉండదు.

కుంగిన కొండల మీద చేపలు గుంపులు కడతాయి. ఎంత ముసలి కొండైతే అంత లోతు. మొదటిది ఇరవై బారలు, రెండోది నలభై, మూడోది అరవై, నాలుగోది ఎనభై. బారంటే రెండు చేతులూ చాపినంత పొడవు. నాలుగోదాన్ని తాత ఒక్కడే, ఒక్కసారే, తాడు దింపి తాకాడు.

ఒక ఏడు పరాయి మరబోట్లొచ్చి ముందరి మూడు కొండల మీదా చేపని ఊడ్చుకుపోయాయి. ఏ పాకలోనూ పొయ్యిలో పిల్లి లేవలేదు. అప్పుడు ఊరిపెద్ద దండాసి, "మూడు రోజులు చూద్దాం. ఆ తర్వాత తలో దిక్కూ కూలికి పోదాం" అన్నాడు. ఊరు చెదిరిపోతుందంటే నూకాలుకి దిగులు పట్టుకుంది. ఆ ఇసక తప్ప ఇంకోటి ఎరగదు పిచ్చిది.

"నాలుగో కొండ వెతుకుతా" అన్నాడు కొర్లయ్య. నూకాలు చేతులు చాపి చాపి ఎనభై బారల కొత్త తాడు కొలిచి, చివర సీసపు గుండు కట్టింది. గుండుకి మైనం రాసింది. సముద్రం అడుగున ఏముంటే అది మైనానికి అంటుకొస్తుంది.

మొదటి రోజు కొర్లయ్య గుండు దింపాడు. ఏమీ తగల్లేదు. రెండో రోజు ఇంకాస్త అవతల దింపాడు. తగల్లేదు. "మా అయ్య ఒట్టి కోతలు కోశాడు" అంటూ ఇంటికొచ్చి కూలబడ్డాడు. దండాసి అందర్నీ మూటలు కట్టుకోమన్నాడు.

నూకాలుకి తాతంటే ప్రాణం. తండ్రి మాటకి ఏడుపొచ్చేసింది. చూర్లోంచి తాతది చీకిపోయిన పాత తాడు తీసింది. దానికి బారకో ముడి ఉంది. ఒక ముడి పట్టుకుని రెండో చెయ్యి చాపింది. తర్వాతి ముడి అందలేదు. తాత ఆజానుబాహుడు మరి, ఇదేమో బుడంకాయ.

"అయ్యా, తాత అబద్ధమాడలేదు. నేనే తాడు తక్కువ కొలిచాను" అంది.

తిడతాడనుకుంది. కొర్లయ్య దాని చేతులు పట్టుకుని చూశాడు. "నాకు మాత్రం తట్టిందా ఏంటి? రేపు నువ్వూ రా" అన్నాడు.

మూడో రోజు నూకాలు ఇంకో తాడు ముడేసి, చేతులు చాపుతూ, లెక్కపెడుతూ దింపింది. తొంభై అయింది, తొంభై తొమ్మిదయింది. నూరో బారకి తాడు వదులైంది. పైకి లాగితే మైనానికి నల్లరాతి పలుకు. ఎప్పటి నిప్పో అది, నూకాలు అరచేతిలో చల్లగా కూర్చుంది. కొర్లయ్య దాన్ని కళ్ళకద్దుకుని, "నన్ను క్షమించయ్యా" అని తండ్రిని తలుచుకుని ఏడ్చాడు. ఆ తర్వాత గేలం వేస్తే తెప్ప పట్టనంత చేప పడింది.

ఊళ్ళో మూటలన్నీ విప్పేశారు. దండాసి, "లోతెంత కొర్లయ్యా?" అనడిగాడు.

కొర్లయ్య ఎనభై అనబోయి ఆగాడు. కూతుర్ని ముందుకి తోసి, "నూరు. నూకాలు బారలు నూరు" అన్నాడు.

ఆ తర్వాత నూకాలు పెరిగింది, ముసలిదయింది, చేతులు వంకర్లు పోయాయి. అయినా నాలుగో కొండకి వెళ్ళే తాడుని, ఊరివాళ్ళు ఆనాటి తాడు పక్కన పరిచి, ఆ పన్నెండేళ్ళ పిల్ల బారతోనే కొలుస్తారు.

కొండ నీటికి, చేప కూటికి,
కథ కంచికి, నువ్వు మంచానికి.