అసిరమ్మ కట్టిన ఎనిమిది గోడల ఇల్లు

అనగనగా సముద్రానికి కూతవేటు దూరంలో ఒక ఊరు. ఆ ఊళ్ళో అసిరమ్మ అని ఒకావిడ. మొగుడు పోయాడు. ఉన్న చుట్టిల్లు చెదలు తిని కూలిపోయింది. చుట్టిల్లంటే తెలుసుగా చిట్టీ, గొడుగు బోర్లించినట్టు గుండ్రంగా ఉండే తాటాకిల్లు. ఇక మిగిలినవి ఖాళీ జాగా, ఇద్దరు ఆడపిల్లలు, ఒక గట్టి నోరు.

అప్పుడు ఆవిడ మరిది గవరయ్య వచ్చాడు. "వదినా, మా పెరట్లో పాకుంది, అందులో ఉండు. మాకింత వండిపెట్టు. నీ జాగా నేను చూసుకుంటాలే."

అలా చూసుకునేవాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉంటారమ్మా.

"నా జాగాలో నేనే ఇల్లు కట్టుకుంటాను మరిదీ," అంది అసిరమ్మ.

"కట్టుకో. తుఫానుకి నిలబడితే జాగా నీది. కూలితే మా పొయ్యి నీది."

"సరే!" అనేసింది.

ఆ తర్వాత సూరి మేస్త్రిని పిలిచింది. "మా చుట్టిల్లు చెదలకి పడిందే గానీ గాలికి పడలేదు. గుండ్రంగా ఉంటే గాలికి పట్టు దొరకదు. అలాగే ఇటుకతో కట్టు."

"దూలం వంగదు కదమ్మా!"

"అయితే ఎనిమిది తిన్నని గోడలు పెట్టు. ఇంచుమించు గుండ్రమేగా."

మేస్త్రి తాడు పట్టి నేల మీద గీత గీశాడు. ఎనిమిదో గోడ పొట్టిదైపోయింది. చెరిపి మళ్ళీ గీశాడు. ఈసారి పొడుగైపోయింది. గట్టు మీద కూర్చున్న గవరయ్య పకపకా నవ్వాడు. "ఆడది చెప్పిన ఇల్లు ఇలాగే ఉంటుంది!"

"గీసింది మగాడేగా మరిదీ," అంది అసిరమ్మ.

మూడోసారి ఆవిడే ముగ్గుచిప్ప తీసుకుంది. నాలుగు మూలల చదరం వేసింది. మూల నుంచి నడిమధ్యకి తాడు కొలిచింది. అదే తాడుతో ఒక్కో మూల నుంచి చదరం గీతల మీదే అటొక చుక్క, ఇటొక చుక్క పెట్టింది. ఎనిమిది చుక్కలూ కలిపింది. అన్ని గోడలూ సమానం!

"ఎక్కడ నేర్చావమ్మా?" అన్నాడు మేస్త్రి నోరెళ్ళబెట్టి.

"రోజూ వాకిట్లోనే. మీరు తొక్కుకుంటూ పోతారుగా, కనపడదు."

ఇల్లు లేచింది. కిటికీల్లోంచి ఎనిమిది వైపులా వెలుగే. పొయ్యి నట్టనడుమ. వంట చేసే మనిషికి వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ అందరూ కనిపిస్తారు. గవరయ్య ఇంటి చుట్టూ మూడుసార్లు తిరిగాడు. "దీనికి పెరటి గుమ్మమేది? ఆడాళ్ళు ఎటు నుంచి రావాలి?"

"నువ్వొచ్చిన దారినే."

అప్పుడు కార్తీకంలో తుఫానొచ్చింది. తూర్పు గాలి కొట్టింది, గోడ పక్కనుంచి జారిపోయింది. ఉత్తరపు గాలి కొట్టింది, ఇంటి చుట్టూ తిరిగి పోయింది. మూడోసారి దక్షిణపు గాలి ఈడ్చి కొట్టింది. కిటికీ రెక్క ఒకటి ఊడింది. అంతే!

గవరయ్య ఇంటి కప్పు మాత్రం ఎగిరి చేలో పడింది. తెల్లారేసరికి పెళ్ళాంతో సహా తడిసి ముద్దై అసిరమ్మ గుమ్మంలో నిలబడ్డాడు. "వదినా..."

"లోపలికి రా మరిదీ. జాగా నాది, పొయ్యీ నాదే. ఇవాళ వంట మాత్రం నీది."

ఆ తర్వాత ఏమైంది? మొదటి గంజి మాడింది. రెండోది పొంగి పొయ్యార్పింది. మూడోది కుదిరింది. వాళ్ళావిడ పెళ్ళయ్యాక మొదటిసారి కూర్చుని వేడివేడిగా తాగింది.

ఏం చూస్తున్నావే? ఆ కిటికీకి ఒక రెక్క పాతది, ఒక రెక్క కొత్తది ఎందుకుందా అనేగా? ఇప్పుడు తెలిసిందిగా. ఈ ఇల్లు కట్టిన అసిరమ్మ మా అమ్మమ్మే. పడుకో ఇక.

కథ వెళ్ళె కంచికి,
గాలి వెళ్ళె కడలికి,
గరిటె వెళ్ళె మరిదికి,
మనం మన ఇంటికి!