ఇంజను చొక్కా విప్పిన సింగన్న

అనగా అనగా, కొండలకు రోడ్లు వేసిన కొత్తలో, మూడుకొండల రాజ్యమని ఒకటుండేది. ఎంత చిన్న రాజ్యమంటే, రాజుగారికి కోట కూడా లేదు. నవ్వకండి. కోట లేకపోతేనేం, ఆయనకొక ఇంటిబండి ఉండేది.

అది తాతల కాలం నాటి పాత వ్యాను. గుండ్రటి ముక్కు. పై సగం తెలుపు, కింది సగం చిలకపచ్చ. లోపల ఒక మంచం, ఒక చిన్న పొయ్యి, మడిచిపెట్టే బల్ల, పూలపూల కర్టెన్లు. అన్ని బళ్లకూ ఇంజను ముందుంటే, ఈ బండికి వెనక ఉండేది. సరిగ్గా మంచం కింద. ఈ మాట మాత్రం గుర్తుపెట్టుకోండి.

నెలకోసారి చంద్రపాల మహారాజు ఆ బండెక్కి, మూడు కొండలూ తిరిగి జనం మొర వినేవాడు. వెంట కూతురు చంపక వెళ్లేది. ఎనిమిదేళ్ల పిల్ల, తల్లి లేదు. ఆ పిల్ల కాలికి ముల్లు గుచ్చుకుంటే రాజుకు ప్రాణం విలవిల్లాడేది. బండి కొండ మీద ఆగగానే చంపక దిగి ఇత్తడి గంట మోగించాలి. గంట మోగితేనే కొలువు తీరినట్టు. అది ఆ రాజ్యపు ఆచారం.

మంచం పైన ఒక కర్ర మీద పలుకు అనే గోరువంక కూర్చునేది. దానికి మాటలొచ్చు. కాస్త ఎక్కువే వచ్చు.

బండి నడిపేదీ, బాగుచేసేదీ సింగన్న. ఆస్థాన మెకానిక్కు. చేతిలో పనితనం ఉంది, మొహం మీద నిమ్మకాయ నిలబెట్టే మీసం ఉంది. ఆ మీసం గురించే అతని భయమంతా. ఎందుకంటే ఆ రాజ్యంలో ఒక పాడు చట్టముండేది. రాజుగారికి చెడు కబురు చెప్పినవాడికి సగం మీసం గొరిగేసేవారు. రాజు చెడ్డవాడు కాదు. చెడు మాట వినాలంటే ఆయనకు భయం, ఆ భయాన్ని కోపంగా చూపించేవాడు, అంతే. దాంతో ఆ రాజ్యంలో ఏడాది పొడుగునా శుభవార్తలే వినపడేవి.

ఒక ఎండాకాలం బండి ఇంజను మరీ వేడెక్కసాగింది. సింగన్న వెనక తలుపెత్తి చూశాడు. ఇంజను చుట్టూ మూడు నల్లరేకులు బిగించి ఉన్నాయి. తుప్పు పట్టి అంచులు ఊడుతున్నాయి. కింద పొగ వదిలే సైలెన్సరుకు కూడా అక్కడక్కడా చిల్లులు పడ్డాయి.

"ఉక్కపోస్తే మనమేం చేస్తాం? చొక్కా విప్పేస్తాం. పాపం ఇంజనుకు మాత్రం ఉక్కపోయదా?" అనుకున్నాడు సింగన్న.

అనుకున్నదే తడవుగా మూడు రేకులూ విప్పేశాడు. సైలెన్సరు చిల్లులకు గుడ్డ చుట్టి, పైన సిమెంటు మెత్తాడు. రేకులు ఇంటికి పట్టుకెళ్లి కోళ్లగూటికి తలుపు చేసుకున్నాడు.

"మహారాజా, ఇంజను ఇప్పుడు హాయిగా ఊపిరి పీలుస్తోంది," అన్నాడు.

"శభాష్ సింగన్నా!" అన్నాడు రాజు. ఆ రేకులు అసలెందుకున్నాయని రాజు అడగలేదు. సింగన్న చెప్పలేదు. తెలిస్తే కదా చెప్పడానికి!

మొదటి నెల బండి బయల్దేరింది. మొదటి కొండ ఎక్కుతుండగా పలుకు కర్ర మీంచి దబ్బున కిందపడింది. చంపక దాన్ని ఒళ్లోకి తీసుకుని కిటికీ తెరిచి గాలి విసిరింది. చాలాసేపటికి అది కళ్లు తెరిచింది.

"తల బరువెక్కిందమ్మా. కర్ర ఎక్కడుందో కనపడలేదు," అంది పలుకు.

"ముసలిదైపోయింది మహారాజా," అన్నాడు సింగన్న.

"నీ మీసం ముసలిది!" అంది పలుకు. అందరూ నవ్వారు. అప్పుడు నవ్వకుండా ఉండాల్సింది.

రెండో నెల వానలు మొదలయ్యాయి. వెనక కిటికీలు మూసేశారు. రెండో కొండ మీద బండి ఆగింది. చంపక తూలుతూ దిగింది. గంట ఒక్కసారి మోగించి, రెండోసారి ఎత్తబోతే చేతిలోంచి జారిపోయింది. అక్కడే కూర్చుని భళ్లున వాంతి చేసుకుంది.

సింగన్న గంట తీసి లోపల పెట్టడానికి వెనక తలుపు తెరిచాడు. గుప్పుమని వాసన కొట్టింది. వంగి కిందికి చూశాడు. సైలెన్సరుకు చుట్టిన గుడ్డ కాలి, పైన మెత్తిన సిమెంటుతో సహా రాలిపోయింది. పొగ నేరుగా పైకి, మంచం చెక్కల సందుల్లోకి పోతోంది. అతనికి అర్థమైపోయింది.

నోరు తెరిచాడు. చెయ్యి మీసం మీదికి పోయింది. నోరు మూసుకున్నాడు. ఆ తరవాత మళ్లీ తెరిచి ఏమన్నాడో తెలుసా?

"మహారాజా, రెండో మలుపులో శ్మశానం ఉంది కదా. అక్కడ ఏదో నిద్రదెయ్యం బండెక్కినట్టుంది."

రాజు ఆ మాట నమ్మేశాడు. దెయ్యం కిటికీలోంచి వస్తుందేమోనని బండి వెనక భాగం అంతా మూయించాడు. కిటికీలకు మేకులు కొట్టించాడు. సందుల్లో పాతగుడ్డలు కుక్కించాడు. బిడ్డకు భద్రం చేస్తున్నానని ఆ తండ్రి అనుకున్నాడు. నాకైతే ఈ మాట చెప్తుంటేనే ఒళ్లు జలదరిస్తోంది.

ముందు సీట్లో కూర్చున్న ఇద్దరికీ మాత్రం ఏమీ కాలేదు. సింగన్న కిళ్లీ నములుతాడు, ఉమ్మడానికి అతని కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. రాజు జనానికి చెయ్యూపుతూ తల బయటే పెట్టుకుంటాడు. వెనక మంచం మీద పడుకునేది చంపక ఒక్కతే.

మూడో నెల వచ్చింది. ముసురుకు కొండల మీద చలి ముదిరింది. సింగన్న ఆ నెలంతా సరిగ్గా అన్నం తినలేదు. 'ఈసారికి ఏమీ కాకూడదు, వచ్చాక ఎలాగైనా బాగుచేస్తా' అని మనసులో మొక్కుకుంటూ బండి నడిపాడు. మొదటి కొండ మీద గంట మోగింది. రెండో కొండ మీద మోగింది గానీ, దూరాన ఎక్కడో మోగినట్టు మోగింది. మూడో కొండ మీద బండి ఆగింది.

గంట మోగలేదు.

మొర చెప్పుకోవడానికి వరసలో నిలబడ్డ జనం ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రాజు దిగి వెనక తలుపు లాగాడు. కర్ర కింద గోరువంక పడి ఉంది. మంచం మీద చంపక పడి ఉంది. పిలిచాడు. తట్టాడు. కుదిపాడు. పిల్ల పలకలేదు. మెడ వాలిపోయింది.

"చంపకా! తల్లీ!" అని రాజు పెట్టిన కేకకు కొండ మీద మేకలు కూడా మేత మానేశాయి.

రాజు పిల్లను ఎత్తుకుని చలిగాలిలోకి వచ్చాడు. జనం చుట్టూ మూగారు. చలిలో బిడ్డ బిగుసుకుపోతుందని ఎవరో అన్నారు. లోపల పడుకోబెట్టి తలుపేసి దుప్పట్లు కప్పమని ఇంకొకరన్నారు. రాజు పిల్లతో మళ్లీ బండి వైపు నడిచాడు.

అప్పుడు వరసలోంచి ఒక ఆడమనిషి పరుగెత్తుకొచ్చి, బండి తలుపుకు అడ్డంగా నిలబడింది. ఆమె పేరు సుంకులమ్మ. రేకుతో లాంతర్లూ, స్టవ్వులూ, గరాటాలూ చేసి అమ్ముకునే మనిషి. పక్కింటి మేక తన కొత్త చీర నమిలిందని మొర చెప్పుకోవడానికి వచ్చింది.

"లోపలికి వద్దు సామీ!" అంది.

"తప్పుకో! నా బిడ్డ పోతోంది!" అని గర్జించాడు రాజు.

"బిడ్డను మింగేది ఆ బండే సామీ. తలుపు తియ్యగానే ఇంజను పొగ వాసన గుప్పుమంది. నన్ను చంపినా సరే, పాపను లోపల పెట్టనియ్యను. అందరూ దూరం జరగండి. గాలి తగలనియ్యండి!"

రాజు చెయ్యెత్తాడు. సుంకులమ్మ కదల్లేదు. ఆమె కాళ్లు మాత్రం వణుకుతున్నాయి. వణుకుతూనే నిలబడింది. ఆ కాళ్లు చూసి రాజు చెయ్యి దించాడు.

పిల్లను ఎత్తు బండ మీద గాలికి పడుకోబెట్టారు. గోరువంకను పక్కనే పెట్టారు. రాజు తన బిడ్డ ముక్కు దగ్గర వేలు పెట్టి, ఊపిరి లెక్కపెడుతూ కూర్చున్నాడు. ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య ఆయన నూరేళ్లు ముసలివాడైపోయాడు.

చాలాసేపటికి పలుకు రెక్క కదిలింది. ఇంకా చాలాసేపటికి చంపక దగ్గింది. కళ్లు తెరిచి, "నాన్నగారూ, తల పగిలిపోతోంది," అంది. రాజు బావురుమన్నాడు.

"దెయ్యం వదిలింది మహారాజా," అని గొణిగాడు సింగన్న.

సుంకులమ్మ అతని వైపు ఒక్క చూపు చూసింది. "సామీ, మీ రాజ్యంలో చెడు కబురు చెప్తే సగం మీసం గొరుగుతారంట. నాకెట్టాగూ మీసాల్లేవు. నేనే చెప్తా. ఏదీ, మీ తెల్ల కండువా ఇట్టా ఇయ్యండి."

కండువాను మంచం చెక్కల సందు మీద పరిచింది. ఇంజను ఆడించమంది. కాసేపటికి తీసి చూపించింది. తెల్ల కండువా మీద సందు పొడవునా నల్లగా మసి గీత పడింది.

"దెయ్యానికి మసి ఉంటుందా సామీ?" అంది. "అయినా దెయ్యమే అంటున్నాడు కదా మీ మెకానిక్కు. తలుపులేసి, ఇంజను ఆడించి, ఆయన్నే ఒక్క గంటసేపు ఆ మంచం మీద పడుకోమనండి."

సింగన్న రెండడుగులు వెనక్కి వేశాడు. తరవాత చటుక్కున రాజు కాళ్ల మీద పడ్డాడు.

"పడుకోలేను మహారాజా! పడుకుంటే లేవనని నాకు తెలుసు. రెండో నెలలోనే తెలుసు. ఇంజనుకు ఉక్కపోస్తోందని, చొక్కా విప్పినట్టు రేకులు విప్పింది నేనే. దెయ్యమని అబద్ధమాడింది నేనే. మీసం కోసం పాపను..." అని ఏడ్చాడు.

సుంకులమ్మ వంగి ఇంజను చూసింది. ఆమెకు కోపమొచ్చింది, జాలీ వేసింది. "అన్నా, అది చొక్కా కాదన్నా, గోడ. స్టవ్వుకు చుట్టూ రేకెందుకు పెడతాం? గాలికి దారి చూపేది రేకే కదా. నీ ఇంజను పైన ఫ్యాను ఉంది. అది చల్లగాలిని ఇంజను మీదికి తొయ్యాల. కింద వేడీ పొగా పైకి రాకుండా ఈ రేకులు ఆపాల. గోడ తీసేస్తివి. ఇంజనూ చల్లబడక పాయె, పొగా ఇంట్లోకొచ్చె."

రాజు తన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు. "ముందు బండి సంగతి చూడు. నీ సంగతి తరవాత చూస్తాను," అన్నాడు.

సింగన్న నడిచి మూడు కొండలూ దిగాడు. కోళ్లగూటి తలుపు ఊడదీసి, కింది బజారులో కొత్త సైలెన్సరు తీసుకుని, రెండూ మోసుకుంటూ మళ్లీ మూడు కొండలూ ఎక్కాడు. కోళ్ల రెట్టలతో ఉన్న ఆ పాతరేకుల్ని కొత్తరేకు మీద పెట్టి, సుంకులమ్మ సుద్దముక్కతో గీతలు గీసింది. కత్తిరించింది, వంచింది, నల్లరంగు పూసింది. సింగన్న తుప్పు పట్టిన నట్లకు నూనె పోసి, నానబెట్టి, ఒక్కొక్కటే విప్పాడు. పాత సైలెన్సరు చేతిలోనే పొరలు పొరలుగా రాలిపోయింది. 'ఈ తుప్పుముక్కకు గుడ్డ చుట్టి దీని మీద బిడ్డను పడుకోబెట్టానా' అనుకుంటూ అతను ఆ ముక్కల్ని ఒక్కొక్కటే ఏరి పక్కన పెట్టాడు.

కొత్త సైలెన్సరుకు, అతుకుల్లోంచి పొగ రాకుండా కొత్త ప్యాకింగులు వేసి బిగించారు. రేకుల అంచుల చుట్టూ రబ్బరు పట్టీ తొడిగారు. ఇంజను ఆడించి, సందుల వెంట అగరొత్తి తిప్పారు. మొదటిసారి ఎడమ మూల దగ్గర పొగ వంకర తిరిగి లోపలికి పోయింది. విప్పి మళ్లీ బిగించారు. రెండోసారి పొగగొట్టం దూరే చోట పోయింది. మళ్లీ విప్పారు. మూడోసారి అగరొత్తి పొగ నిటారుగా నిలిచింది.

కిటికీల మేకులు పీకేశారు. సింగన్న తలుపులేసుకుని, ఇంజను ఆడుతుండగా, ఎవరూ చెప్పకుండానే మంచం మీద గంటసేపు పడుకున్నాడు. లేచి తన కాళ్లతో తనే దిగాడు.

మరుసటి నెల బండి బయల్దేరింది. కిటికీలు తెరిచారు. రాజు ఈసారి జనానికి చెయ్యూపలేదు. మలుపు మలుపుకూ వెనక్కి తిరిగి చూశాడు. మొదటి కొండ మీద గంట మోగింది. రెండో కొండ మీద మోగింది. మూడో కొండ మీద బండి ఆగింది.

గంట మోగలేదు.

రాజు తన తలుపు పిడి మీద చెయ్యి వేశాడు గానీ దిగలేదు. సింగన్న చేతులు స్టీరింగుకు అతుక్కుపోయాయి. వరసలో ఉన్న సుంకులమ్మ చేతిలో లాంతరు కిందపడింది. ఇద్దరు మగవాళ్లలో ఒక్కడికీ వెనక తలుపు తెరిచే ధైర్యం లేదు.

తలుపు దానంతటదే తెరుచుకుంది. "నాన్నగారూ, నా చెప్పు మంచం కిందికి పోయింది!" అంటూ చంపక ఒంటి చెప్పుతో దూకింది. "నేను ఎప్పట్నుంచో వెతకమంటున్నా," అంది పలుకు, చంపక భుజం మీంచి. ఆ రోజు గంట మోగిన మోతకు చుట్టుపక్కల కొండలన్నీ మారుమోగాయి.

సింగన్న వచ్చి తలొంచి మీసం చూపించాడు. రాజు కత్తి తెప్పించాడు. రాజు ఆ కత్తితో తన సగం మీసం తనే గొరుక్కున్నాడు.

"ఇన్నాళ్లూ నాకు నిజం చెప్పేవాడే లేకుండా చేసుకున్నవాణ్ణి నేను. ఈ పాడు చట్టం ఈ మీసంతోనే పోయింది," అన్నాడు. తరవాత సుంకులమ్మ వైపు తిరిగి, "నువ్వు ఇలా వచ్చి నా పక్కన కూర్చో అమ్మా. ముందు నీ మొర, ఆ మేక సంగతి తేల్చేద్దాం," అన్నాడు.

ఏది ఎందుకుందో తెలియకుండా తీసిపారేయకూడదు. పారేశాక తప్పని తెలిస్తే భయపడి దాచకూడదు. ముందు కూర్చున్నవాళ్లు దాచిన తప్పు, వెనక నమ్మి నిద్రపోయేవాళ్ల ప్రాణం మీదికి వస్తుంది.