పాలు పితికినంత సేపు

పూర్వం, లాంగుల్యా నది కొండల మీంచి దూకి కళింగ సీమను తడుపుకుంటూ తూర్పు సముద్రానికి పరుగులు తీసే కాలంలో, ఆ నది ఒడ్డున వెదురు పొదల నడుమ పర్ణశాల కట్టుకొని, వేదవేదాంగ పారంగతుడూ జితేంద్రియుడూ అయిన సుశ్రవ మహర్షి, ధర్మపత్ని క్షాంతిమతితో కూడి తపస్సు చేసుకుంటూ ఉండేవాడు. సుశ్రవుడంటే చక్కగా వినేవాడని అర్థం. పేరు పెట్టిన తండ్రి మహాజ్ఞానే గాని, ముందుచూపు గలవాడు కాడు. కొడుకుకి నడివయసు దాటేసరికి శ్రుతి తప్ప మరేదీ చెవికెక్కకుండా పోయింది. ఇక క్షాంతిమతి అంటే ఓర్పు గలది. భర్తతో రోజుకో మాట పదిసార్లు చెప్పవలసిన ఇల్లాలికి ఆ పేరు పెట్టినవాడు మాత్రం నిస్సందేహంగా త్రికాలజ్ఞుడే.

ఆ దంపతుల తపస్సుకు మెచ్చి ఒకనాడు శంఖచక్రధారి, పీతాంబరుడు, భక్తజన పారిజాతమైన శ్రీమన్నారాయణుడు ప్రత్యక్షమై వరం కోరుకోమన్నాడు. ఆ సంగతిని క్షాంతిమతి భర్త చెవిలో చెప్పగా, ఆయన చేతులు జోడించి, "స్వామీ! మాకు సిరి వద్దు, సింహాసనం వద్దు. నీవు ఒక్కనాడు మా ఇంట అతిథివై, నా ఇల్లాలి చేతి అన్నం తిని వెళ్తే చాలు" అన్నాడు.

"తథాస్తు!" అన్నాడు స్వామి. "నేను మీ గడపకు వస్తాను. ఏనాడు వస్తానో, ఏ రూపున వస్తానో అడగవద్దు. మీరు మాత్రం దినదినమూ అన్నం వండి దించాక గోదోహన కాలం, అనగా ఆవు పాలు పితికినంత సేపు, అతిథి కోసం ఎదురుచూసి, ఆ పిమ్మటనే ముద్ద నోట పెట్టాలి. కలిమిలో ఈ నియమం పూలదండలా తేలిక. లేమిలో బండరాయిలా బరువు. సమ్మతమేనా తల్లీ?"

"సమ్మతమే స్వామీ" అంది క్షాంతిమతి. స్వామి అంతర్ధానమయ్యాడు.

మరుక్షణం మహర్షి ఇంట్లో ఉన్న రాగి కడవను నెత్తికెత్తుకొని నదికి పరుగెత్తి, చింతపండు పెట్టి తళతళలాడేలా తోమి, తెచ్చి పీట మీద నిలిపి, మెడలో అడవిమల్లెల దండ వేసి సాష్టాంగపడ్డాడు.

"ఏమండీ, కడవకెందుకండీ ఈ కడవెడు భక్తి?" అంది ఆమె తెల్లబోయి.

"స్వామి ఇందులోకే కదుటే వస్తానన్నది! మీ కడవకు వస్తాననలేదూ?"

"కడవకు కాదండీ, గడపకు!"

"నేనూ అదే చెబుతున్నాను. కడవకు."

"గ-డ-ప-కు!" అని ఆమె ఎలుగెత్తి అరిచేసరికి వెదురుపొదల్లో పిట్టలన్నీ లేచిపోయాయి. అన్యోన్య దంపతులు కొట్టుకుంటున్నారనుకొని అవతలి ఒడ్డు మునులు విడదీయడానికి దోనె కట్టుకొని వచ్చారు. వచ్చినవాళ్లలో సగం మంది గడప వైపు, సగం మంది కడవ వైపు చేరి ప్రమాణాలు చూపడం మొదలుపెట్టగా, చివరకు మహర్షే చెయ్యెత్తి, "ఆయన ఎటు వచ్చినా మన ఇంటికే కదా రావాలి! గడప నువ్వు చూసుకో, కడవ నేను చూసుకుంటాను" అని తీర్పు చెప్పాడు.

అలా ఏళ్లు గడిచాయి. ఆశ్రమంలో పయస్విని అనే కపిల గోవు ఉండేది. అన్నం దించగానే మహర్షి దుత్త పట్టుకొని ఆవు దగ్గర కూర్చునేవాడు. క్షాంతిమతి నుదుట చెయ్యి అడ్డం పెట్టుకొని గడపలో నిలబడేది. పయస్విని ధారాళమైన ధార గలది కాబట్టి ఆ నిరీక్షణ ఒక్కోనాడు దీర్ఘంగానే సాగేది. అయినా ఇంటి నిండా గింజలున్నవాడికి నిలబడటం ఒక వేడుక. బాటసారులు వచ్చేవారు, తినేవారు, దీవించేవారు. వచ్చిన ప్రతివాడి కళ్లలోకీ ఆమె తేరిపార చూసేది. దేవతలకు రెప్ప వాలదు. అందుకే వారిని అనిమిషులన్నారు. వచ్చినవాళ్లంతా నిమిషానికోసారి రెప్ప వాల్చేవాళ్లే. వాళ్లకు చిన్నబుచ్చుకోకుండా వడ్డించి, వాళ్లు వెళ్లాక మాత్రం ఆమె ఒకింత చిన్నబుచ్చుకునేది.

అంతలో వానలు మొహం చాటేశాయి. క్షేమానికీ క్షామానికీ రాతలో తేడా కాస్తే గాని, కడుపులో తేడా ఆకాశమంత! లాంగుల్య ఇసుకతిన్నె అయింది. వెదుళ్లు ఎండి ఈలలు వేశాయి. అవతలి ఒడ్డు మునులు దోనెను పొయ్యిలో పెట్టి, కాలినడకన ఎటో వెళ్లిపోయారు. పయస్విని పేరులో తప్ప పొదుగులో పయస్సు లేకుండా పోయింది. చిట్టచివరకు ఆ ఇంట ఒక గుప్పెడు నివ్వరి బియ్యం మిగిలాయి. క్షాంతిమతి వాటిని జావగా కాచి దించింది. గోడకు చేరగిలబడిన మహర్షి కడవను పైపంచెతో తుడుస్తున్నాడు. ఆ చేతిలో పంచె ఎత్తే సత్తువ కూడా లేదు. అది చూసి ఆమె గుండె తరుక్కుపోయింది. వస్తానన్నాడు సరే, ఈయన ప్రాణం ఉండగా వస్తానన్నాడా? ఆ ముక్క ఆనాడు తను అడగనేలేదు.

సరిగ్గా అప్పుడే బాట వెంట ఎడ్లబండ్ల చప్పుడైంది. కళింగాధీశుడు, ప్రజావత్సలుడు అయిన ఉదారసేన మహారాజు, మిగిలిన జనాన్ని వెంటపెట్టుకొని నీళ్లున్న గౌతమీ తీరానికి తరలిపోతూ, కడపటి బండిని ఆశ్రమం ముందు ఆపించి, తాను కాలినడకన లోపలికి వచ్చి నమస్కరించాడు.

"తల్లీ! ఈ సీమలో ఇక మీరిద్దరే మిగిలారు. బండిలో మీకు చోటుంచాను. పసిపిల్లల వంతుకు ఉన్న గింజల్లోనే మీకూ ఇంత పెడతాను. దయచేసి బయలుదేరండి."

"ఎక్కడికి నాయనా? వస్తానన్నవాడు ఈ గడపకు వస్తానన్నాడు. గడపను బండికెత్తుకొని రాలేను కదా!"

"పోనీ, ఆ జావ అయినా తాగి ఓపిక చేసుకోండి. మహర్షి మొహం చూడండి ఎలా ఉందో!"

"ఆవు పాలు పితికినంత సేపు స్వామి కోసం ఎదురుచూడందే మాకు భోజనం లేదు" అంటూ ఆమె పయస్వినిని నడిపించుకొచ్చి గడప ముందే గుంజకు కట్టి, దుత్త పెట్టుకొని కూర్చుంది. వేళ్లకు ఎండిన చర్మం తప్ప మరేమీ తగల్లేదు. ఆవు వెనక్కి తిరిగి ఆమె వంక జాలిగా చూసింది.

రాజు ధర్మశాస్త్రం చదువుకున్నవాడు. "అమ్మా, పాలు పితికినంత సేపు అన్నారు కదా. పాలే లేని ఆవును పితకడానికి ఎంత సేపు? చెయ్యి వేశారు, చుక్క రాలేదు. అక్కడితో కాలం తీరింది, నియమం చెల్లింది. దేవుడు కూడా కాదనలేడు."

ఆ మాట చల్లగా, తీయగా ఉంది. క్షాంతిమతి చెయ్యి ఆగింది. జావ గిన్నె చేతికి అందేంత దూరంలోనే ఉంది. ఆమె లేచి భర్త దగ్గరకు వెళ్లి, రాజు చెప్పిందంతా చెవిలో చెప్పి, "మీరేమంటారు?" అని అడిగింది.

మహర్షి ఆమె మొహంలోకి చూసి నవ్వాడు. "గడప సంగతి నన్నడుగుతావేమిటే? అది నీది. నువ్వు లేవమన్నప్పుడు లేచి తింటాను."

ఆమె గడప దగ్గరకు తిరిగి వచ్చింది. అప్పుడు మళ్లీ ఆవు కింద కూర్చుంది.

"నాయనా, పాలున్న రోజుల్లో పాలు అయిపోగానే అన్నానికి లేచేవాళ్లం. పాలు రాని రోజున ఎప్పుడు లేవాలో స్వామి చెప్పలేదు. ఆయన చెప్పని మాటను నా ఆకలి చెబితే నేను వినకూడదు. కడుపు నిండినప్పుడు నిలబడ్డది ఒక లెక్కా? ఆయన అడిగింది బహుశా ఈ పూట కోసమే."

రాజు నిట్టూర్చి అరుగు మీద కూలబడ్డాడు. బండ్ల మీంచి జనం దిగి, ఎండిన ఆవును పితుకుతున్న ఇల్లాలినీ, పూలు వాడిపోయిన కడవను తుడుస్తున్న మహర్షినీ చోద్యంగా చూశారు. "ఆ కడవకు దండ ఏమిటమ్మా?" అని ఎవరో అడిగితే, "అదో పెద్ద కథ, తరవాత చెబుతాలే" అందామె తల ఎత్తకుండా.

పొద్దు నడినెత్తికెక్కింది. అప్పుడు బండ్లన్నిటికీ వెనకబడి, కుంటుకుంటూ, దుమ్ము కొట్టుకొని, దారి పొడుగునా అందరినీ తిట్టుకుంటూ ఒక ముసలివాడు వచ్చి గడప ముందు ఆగాడు.

"ఏమ్మా, పొదుగు పట్టుకొని ఇంతసేపు కూర్చున్నావు. పితుకుతున్నావా, పొదుగుతున్నావా?"

అంత ఆకలిలోనూ ఆమెకు నవ్వొచ్చింది. అలవాటు కొద్దీ అతని కళ్లలోకి చూసింది. దుమ్ము పడి ఆ కళ్లు టపటప కొట్టుకుంటున్నాయి. పాదాలు పగిలి ఉన్నాయి. చెమట కారుతోంది. అనిమిషుడు కాడు. అయితేనేం, అతిథి.

"లోపలికి రండి తాతా, కాళ్లు కడుక్కోండి" అంది. ఉన్న చెంబెడు నీళ్లూ ఇచ్చి, ఆకు వేసి, జావ వడ్డించింది. ఇంత మిగులుస్తాడేమోనని ఆమె కన్ను గిన్నె మీదే ఉంది. ముసలివాడు తిన్నాడు. గిన్నె వంచమన్నాడు. గరిటెతో గీకమన్నాడు. గీకిందంతా నాకి, "ఉప్పు తక్కువ" అన్నాడు.

రాజు ఆగలేకపోయాడు. "చూశారా తల్లీ! దేవుడి కోసం నిలిస్తే దారినపోయేవాడు తిన్నాడు. ఇదేనా మీ స్వామి ఇచ్చిన మాట?"

క్షాంతిమతి కళ్లలో నీళ్లు తిరిగాయి. చెంగుతో ఒత్తుకొని నెమ్మదిగా అంది. "వస్తానన్నాడు. ఇంకా రాలేదు. అంటే ఆ మాట ఇంకా నా దగ్గరే భద్రంగా ఉంది, నాయనా. నువ్వు బండి తోలించుకో. మేం రేపూ నిలబడతాం."

"రేపు దేనికోసం వండుతారు?"

"వండేది ఉంటే వండి నిలబడతాం. లేకపోతే ఊరికే నిలబడతాం."

ముసలివాడు మాత్రం ఆకు ముందు నుంచి లేవలేదు. "ఏమ్మా, చివర్న మజ్జిగేదీ? మజ్జిగ పోయకుండా లేపేస్తారా ఈ ఇంట్లో? ఇదెక్కడి మర్యాద!"

జనం గొల్లుమన్నారు. ఒకడు కర్ర కూడా ఎత్తాడు. ఆమె వారించి, "పొద్దుటినుంచి పితుకుతూనే ఉన్నాను తాతా. మరోసారి చూస్తాను, ఉండు" అని ఏడుపూ నవ్వూ కలిసిన మొహంతో వెళ్లి దుత్త ముందు కూర్చుంది. ఏ ఆశా లేకుండా, అతిథి అడిగాడు గనుక, చెయ్యి వేసింది.

చుయ్‌మని దుత్తలో చప్పుడైంది.

ఆమె నమ్మక మరోసారి పితికింది. మరో ధార. పయస్విని మెడ చాచి అంబా అంది. దుత్త నిండింది, పొర్లింది. జనం నోళ్లు తెరుచుకొని నిలబడితే, మహర్షి ఒక్కడే ఎక్కడలేని సత్తువ తెచ్చుకొని, ఏళ్ల తరబడి సిద్ధంగా ఉంచిన తన కడవను ఈడ్చుకొచ్చి ఆవు కింద పెట్టాడు. ధార ఆ కడవలోకి దిగింది. కడవ అంచు దాకా నిండి, ధార ఆగింది.

క్షాంతిమతి చెంబెడు పాలు తీసుకొని ముసలివాడి ముందు నిలబడి, "మజ్జిగ కావడానికి రేపటిదాకా ఆగాలి తాతా, ఇవాళ్టికి పాలే" అంటూ అతని కళ్లలోకి చూసింది. రెప్ప వాలలేదు. ఆమె చూస్తూనే ఉంది. ఆ రెప్ప వాలనే లేదు.

అంతట ఆ దుమ్ము పీతాంబరమై, ఆ చేతికర్ర కౌమోదకీ గదయై, నీలమేఘశ్యాముడైన శ్రీహరి చిరునవ్వుతో ఆ చెంబు అందుకొని, పాలన్నీ తాగి, మూతి తుడుచుకొని, "తల్లీ! ఇచ్చిన మాట నాకు గుర్తుండటంలో గొప్పేముంది? ఆకలివేళ నీకు గుర్తుండటమే గొప్ప. వరం కోరుకో" అన్నాడు.

"ఈ బండ్లు వెనక్కి మళ్లాలి స్వామీ. లాంగుల్యలో నీళ్లు పారాలి."

ఆ మాట పూర్తికాకముందే పడమటి కొండల మీద మబ్బు కమ్మి, పెద్ద పెద్ద చినుకులు దుమ్ములో టపటపా పడ్డాయి. రాజు తలపాగా తీసి ఆ వానలోనే సాగిలపడ్డాడు. ఎడ్లు తమంతట తామే వెనక్కి తిరిగాయి.

"ఇంకేమైనా ఉందా?" అన్నాడు స్వామి.

"ఈసారి వచ్చేటప్పుడు ముందుగా కబురు పెట్టండి స్వామీ. మజ్జిగ చేసి ఉంచుతాను."

స్వామి ఫక్కున నవ్వాడు. "అదొక్కటి మాత్రం అడగకు తల్లీ. నువ్వు గడపలో నిలబడు, అంతే!"

అప్పుడు ఉదారసేనుడు లేచి, చేతులు కట్టుకొని, "ప్రభూ! అంతా అర్థమైంది గాని, ఆ కడవకు పూలదండ ఎందుకో మాత్రం మాకెవరికీ అంతుపట్టలేదు" అన్నాడు. శ్రీహరి జనమందరి వైపూ తిరిగి, తాను ఆనాడు గడపకు వస్తానంటే మహర్షి కడవకు అని విన్నాడనీ, అవతలి ఒడ్డు మునులు దోనె కట్టుకొని వచ్చి వాదించారనీ, వినడంలో పొరపాటున్నా నమ్మడంలో పొరపాటు లేనందువల్ల తనకు రెండు చోట్లకూ రాక తప్పలేదనీ, కాళ్లతో గడపకూ పాలతో కడవకూ వచ్చాననీ పూసగుచ్చినట్టు చెప్పాడు. వానలో తడుస్తూ జనమంతా విరగబడి నవ్వారు.

మహర్షికి ఒక్క ముక్క వినపడలేదు. "ఏమంటున్నాడే స్వామి?" అని అడిగాడు.

క్షాంతిమతి ఆయన చెవి దగ్గర నోరు పెట్టి గట్టిగా చెప్పింది. "గడపకు వస్తానన్నాడటండీ! కడవకు కాదట!"

"నేను మొదటినుంచీ చెబుతున్నది అదేగా!" అన్నాడు సుశ్రవ మహర్షి, నిండు కడవ మీద చెయ్యి వేసి.