చేదని చెప్పిన రోజు

అనగనగా ఒక అడవి ఉండేది, పిల్లలూ. ఆ అడవి చివర ఒక రాళ్లగుట్ట. గుట్ట కింద బొరియలో బుడ్డయ్య అనే ఏదుపంది ఉండేవాడు. ఏదుపందికి ఒళ్లంతా ముళ్లే కదా. బుడ్డయ్య నడిస్తే ఆ ముళ్లు గలగలమనేవి. ఆ చప్పుడు వినగానే కుందేళ్లు దారి తప్పుకునేవి. జింకలు పిల్లల్ని వెనక్కి పిలుచుకునేవి. అతనికి ఎవరూ కీడు చేయలేదు. అలాగని ఎవరూ పలకరించనూ లేదు.

ఒక్క నూకాలు తప్ప.

నూకాలు ఒక అడవిపిల్లి. గుట్ట మీద రాతి పగుల్లో ఉండేది. ఆమెకూ నా అన్నవాళ్లు లేరు. సాయంత్రం వేటకు దిగేటప్పుడు బుడ్డయ్య బొరియ ముందు కాసేపు ఆగేది.

"ఏం తిన్నావన్నా ఇవాళ?" అనేది.

"గడ్డలే తిన్నాను," అనేవాడు బుడ్డయ్య.

"నిన్నా అవేగా," అని వెళ్లిపోయేది.

మాటలు అంతే. ఆ కాస్త మాటల కోసమే బుడ్డయ్య మధ్యాహ్నం నుంచీ బొరియ ముందు కూర్చుని ఉండేవాడు.

ఒక సాయంత్రం నూకాలు దిగలేదు. మర్నాడూ దిగలేదు. బుడ్డయ్య గుట్టెక్కి చూశాడు. నూకాలు పగుల్లో ముడుచుకుని పడుకుని ఉంది. ఎలుక వెంటపడి రేగుకంపలో దూరితే ముల్లు ఎడమ కంటి కింద చీరేసిందట. కన్ను వాచి మూసుకుపోయింది. ఒళ్లు కాలిపోతోంది.

అడవిలో మందులు తెలిసింది కొండముచ్చు అవ్వకే. బుడ్డయ్య ఆమె దగ్గరకు పరుగెత్తాడు. అవ్వ నేలవేము కాచి, ఆ కషాయం వెలగడొప్పలో పోసి ఇచ్చింది.

"ఇవాళ్టి నుంచే తాగించు, నాయనా. ఆలస్యమైతే చీము కంట్లోకి దిగుతుంది," అంది.

దారిలో బుడ్డయ్య ఒక చుక్క నాకి చూశాడు. నాలుక మొద్దుబారిపోయింది. 'ఇంత చేదు నూకాలు తాగుతుందా? బలవంతం చేస్తే నా మీద కోపం వస్తుంది. కోపం వస్తే మాట్లాడదు,' అనుకున్నాడు. మాట్లాడని నూకాలును తలుచుకుంటేనే అతనికి గుబులు పుట్టింది.

అందుకని, "తేనెనీళ్లు తెచ్చాను, తాగమ్మా," అన్నాడు.

నూకాలు నమ్మి నాలుక పెట్టింది. వెంటనే తుపుక్కున ఉమ్మేసింది. ఒంటికన్నుతో అతని వైపు చూసి మొహం తిప్పుకుంది.

మర్నాడు బుడ్డయ్య వాగు దగ్గర కొంగను బతిమాలి ఒక చేప తెచ్చాడు. దాని పొట్టలో కషాయం పోశాడు. "ఇందులో ఏమీ లేదు, ఉత్త చేపే," అన్నాడు. ఆకలి మీద ఉన్న నూకాలు గబుక్కున కొరికింది. చేదు గొంతుకు తగలగానే తిన్నదంతా కక్కేసింది.

"ఇకమీదట నువ్వు తెచ్చిన చేప కూడా తినలేను కదన్నా," అంది నీరసంగా.

ఆ మర్నాడు ఇద్దరు ముంగిసలను వెంటబెట్టుకొచ్చాడు. "నిన్ను చూసిపోదామని వచ్చారు," అన్నాడు. ముంగిసలు ఒక్కసారిగా నూకాలును అదిమిపట్టి తల పైకి ఎత్తారు. బుడ్డయ్య డొప్ప నోట్లో ఒంపాడు. నూకాలుకు పొరబోయింది. ఊపిరాడక గిలగిల కొట్టుకుని, దొరికినవాళ్లను దొరికినట్టు రక్కి, పగులు లోపలికంటా పాకిపోయింది.

ముంగిసలు తిట్టుకుంటూ వెళ్లిపోయారు. బుడ్డయ్య పగులు ముందు కూర్చుని పిలిచాడు. పలుకు లేదు. దగ్గు మాత్రం వినబడుతోంది. కాసేపటికి అదీ ఆగిపోయింది.

అతను మళ్లీ అవ్వ దగ్గరకు వెళ్లి జరిగిందంతా చెప్పాడు.

"తల పైకెత్తి ఒంపితే మందు ఊపిరిలోకి పోదూ?" అంది అవ్వ. "తల మామూలుగానే ఉండనివ్వు. మూతి పక్కన, కోరపన్ను వెనక సందు ఉంటుంది. అక్కడ ఒక్కో చుక్కే వెయ్యి. మింగాకే ఇంకో చుక్క. నీ తోక ముళ్లు బోలుగా ఉంటాయిగా, రాలినదొకటి తీసుకుని దాంతో వెయ్యి."

"రమ్మంటే రావడం లేదవ్వా."

"ఎలా వస్తుంది? మందు సంగతి నేను చెప్పగలను, నాయనా. నీ మాట సంగతి నువ్వే చూసుకోవాలి."

బుడ్డయ్య కొత్త కషాయంతో గుట్టెక్కాడు. డొప్ప కింద పెట్టి చీకటి పగుల్లోకి మెల్లగా చెప్పాడు.

"నూకాలూ, ఇది మందు. చాలా చేదు. తేనెనీళ్లని అబద్ధం చెప్పాను. చేపలో కలిపింది నేనే. ముంగిసల్ని పిలిచిందీ నేనే. ఉన్నది చెబితే కోపం తెచ్చుకుని నాతో మాట్లాడవని భయపడ్డాను. నాతో మాట్లాడేదానివి నువ్వొక్కదానివే."

బుడ్డయ్య డొప్పను పగులు దగ్గరకు జరిపి కూర్చున్నాడు.

"ఎంత చేదు?" అంది చివరికి లోపలి నుంచి.

"తెల్లారి తాగితే సాయంత్రం దాకా నాలుక మీదే ఉంటుంది."

"ఆపమంటే ఆపుతావా?"

"పంజా ఎత్తు. ఆపేస్తాను."

నూకాలు ఈడ్చుకుంటూ బయటికి వచ్చింది. బుడ్డయ్య బోలు ముల్లుతో కోరపన్ను వెనక ఒక చుక్క వేశాడు. నూకాలు వణికిపోయి పంజా ఎత్తింది. బుడ్డయ్య ముల్లు పక్కకు తీసి అలాగే కూర్చున్నాడు. ఎండ రాయి మీంచి దిగిపోయింది. నూకాలు పంజా దించింది. మళ్లీ ఒక చుక్క. అలా డొప్ప ఖాళీ అయ్యేసరికి పొద్దు గుంకింది.

రోజూ అలాగే సాగింది. జ్వరం తగ్గింది. వాపు తీసింది. కానీ ఎడమ కంట్లో తెల్లని పొర మిగిలిపోయింది.

అవ్వ వచ్చి చూసి, బుడ్డయ్యను దూరంగా తీసుకెళ్లింది. "మొదటిరోజే మందు పడి ఉంటే ఆ కన్ను దక్కేది. ఈ మాట దానికి చెప్పకులే. ముల్లు చేసిన పని అనుకుంటుంది. అనుకోనీ."

బుడ్డయ్య రోజంతా బొరియలోనే పడుకున్నాడు. సాయంత్రం గుట్టెక్కాడు.

"నూకాలూ, నీ కన్ను పోయింది ఒక్క ముల్లు వల్లే కాదు. నా అబద్ధాలతో రోజులు పోయాయి. మొదటిరోజే నిజం చెప్పి ఉంటే దక్కేదట."

నూకాలు లేచి గుట్ట అవతలి వైపు దిగి వెళ్లిపోయింది.

తర్వాత వానలు పట్టుకున్నాయి. పగుల్లోకి నీళ్లు వచ్చాయి. బుడ్డయ్య రోజూ పైకెళ్లి ఖాళీ పగులు చూసి వచ్చేవాడు. గడ్డలు తవ్వుకునేవాడు గానీ సగం తిని వదిలేసేవాడు. దారిన పోయే కుందేళ్లు అతన్ని చూసి ఎప్పటిలాగే తప్పుకునేవి. రోజంతా నోరు తెరిచే పనే ఉండేది కాదు.

వానలు వెలిసిన ఒక సాయంత్రం బుడ్డయ్య గడ్డలు తవ్వుకుని వచ్చేసరికి, బొరియ ముందున్న రాయి మీద నూకాలు కూర్చుని ఉంది. చిక్కిపోయింది. అడుగుల చప్పుడు విని తల మొత్తం తిప్పి చూసింది.

"కోపం పోలేదన్నా," అంది.

"పోకపోయినా ఫరవాలేదమ్మా," అన్నాడు బుడ్డయ్య, దూరంగానే ఆగి.

నూకాలు రాయి మీద కాస్త కుడివైపుకు జరిగింది.

"ఎడమ పక్క నాకు కనబడదు. ఎవరున్నా భయమేస్తోంది," అంది. "నువ్వొచ్చి ఆ పక్కన కూర్చో."

బుడ్డయ్య తన ముళ్లన్నీ ఒంటికి అణుచుకుని, చప్పుడు కాకుండా వచ్చి ఆ పక్కన కూర్చున్నాడు.

నీతి: మేలు చేసేటప్పుడు కూడా నిజమే చెప్పాలి. మేలు కోసమే చెప్పినా, అబద్ధం వల్ల పోయినదంతా తిరిగి రాదు.