తిరుగునీళ్లమ్మ బీడులో ఒరిగిన బొడ్రాయి

అయ్యలారా, అమ్మలారా, ముందు ఒక్క మాట చెప్పండి. గడపలోకి వచ్చినవాడు దాహమన్నాడని చెంబెడు నీళ్లిస్తే, బావి కూడా రాసిచ్చినట్టేనా? కాదంటారు కదా! అయితే ఈ కథ మీరు వినవలసిందే.

పూర్వం ఈ సీమను ఒక సామంతరాజు ధర్మబద్ధంగానే పాలిస్తున్న కాలంలో, కొంగవాగు ఒడ్డున మొగిలిపాడు అనే గ్రామం విలసిల్లుతూ ఉండేది. ఊరికి ఎగువన విశాలమైన పల్లపు బీడు ఒకటి ఉండేది. వానాకాలంలో వాగు పొంగినప్పుడు ఆ జలమంతా బీడులో పరుచుకుని, మెల్లమెల్లగా భూగర్భంలోకి ఇంకి, గ్రీష్మతాపంలో ఊరి మంచినీళ్ల బావిలో ఊటై పైకి ఉబికేది. ఊరందరికీ ఆ ఒక్క బావే ప్రాణాధారం. దాని గట్టు పక్కనే పోలసాని అనే ఇల్లాలు కాపురముండేది. ఊరి నడిబొడ్డున ప్రతిష్ఠించిన రాతిని, అంటే బొడ్రాయిని, సాక్షాత్తూ అమ్మవారిగా భావించి, తెల్లవారుతూనే ఆ శిలకు తొలి బిందెతో అభిషేకం చేయనిదే పచ్చి మంచినీళ్లయినా ముట్టని భక్తురాలు ఆమె. నోరు మాత్రం అంత మెత్తనిది కాదు.

ఇట్లుండగా రాజుగారి దండనాయకుడైన సూరనాయకుడు వేటకు వచ్చి, ఎండిన ఆ బీడును చూసి, ఇక్కడ వేయి గడపల మహాపేట నిర్మించాలని సంకల్పించాడు. ఎండాకాలంలో చూశాడు కనుక వాగు దారి ఆయన కంటికి ఖాళీ నేలలా కనబడింది. ధర్మం తప్పకూడదని పందిరి వేయించి, గ్రామస్థుల అభ్యంతరాలు వింటానని చాటింపు వేయించాడు. విన్నాడు కూడా! ఆ వినడమే చూడాలి మీరు.

"బీడంతా ఇళ్లు లేస్తే వాగు ఎటు పోవాలి దొరా?" అని పోలసాని లేచి అడిగింది.

"ఆలోచిస్తామమ్మా."

"బావిలో ఊట ఎక్కడినుంచి రావాలి?"

"అదీ ఆలోచిస్తాం."

"కట్టకముందా, కట్టేశాకా?"

నాయకుడు మందహాసం చేసి, అందరికీ పానకం పంచమని భటులకు సైగ చేశాడు. ఊరి పెద్దకాపు మారయ్య సిగ్గుతో చచ్చిపోయినంత పనై, "ఊరుకోవే పోలసానీ, దొరల ముందు ఏమిటా నోరు! పేట వస్తే మనకు సంత వస్తుంది" అని కసిరాడు.

"సంతలో నీళ్లు కూడా అమ్ముతారా మామా?" అన్నది ఆమె. మారయ్య పానకం ముంత ఎత్తి గటగటా తాగేశాడు.

ఆ సీమలో ఒక ఆచారం ఉండేది. కొత్త ఊరు వెలవాలంటే ముందు బొడ్రాయి నిలపాలి; ఆ రాయి నిలిపే గుంటలో పొరుగు ఊరివారు గడపకొక బిందె చొప్పున నీళ్లు పోయాలి. పోస్తే సమ్మతించినట్టు, పోయకపోతే ఊరు కట్టరాదు. అంతకన్నా పాతదైన మర్యాద మరొకటి ఉంది: శుభకార్యానికి నీళ్లడిగితే మొగిలిపాడులో ఎవరూ లేదనరు. ఈ రెండూ తెలిసిన సూరనాయకుడు, సమ్మతి సంగతి ఎత్తకుండా, బీడులో గుంట తవ్వించి కొత్త బొడ్రాయి నిలిపి, వైశాఖ మాసపు మండుటెండలో చేతులు జోడించి, "అమ్మవారికి దప్పికగా ఉంది తల్లులారా" అన్నాడు. ఇక చెప్పాలా! మారయ్య ఇల్లాలు మొదటి బిందె పోసింది, వెనకే ఊరంతా కదిలింది. పోలసాని బిందె చంకనెత్తుకుని చాలాసేపు నిలబడింది. దండనాయకుడిని కాదనగలదు గానీ, అమ్మవారికి నీళ్లు లేవని ఏ నోటితో అంటుంది? పోసింది. ఆ బిందె దించేలోగా డప్పులు మోగాయి, మొగిలిపాడు మనసారా సమ్మతించిందని చాటింపు లేచింది.

పోలసానికి ఒళ్లు మండిపోయింది. మర్యాదను సమ్మతిగా మార్చుకున్న ఆ చాకచక్యానికి ఒకవైపు, నిజమే కాబోలునని తలలూపుతున్న తన ఊరివాళ్లను చూసి మరొకవైపు, ఆమె పళ్లు కొరుక్కున్నది. బీడులో పునాదులు తవ్వారు, వాగు దారిని మట్టితో పూడ్చారు, పచ్చి ఇటుకలు కొండల్లా పేర్చారు. మరుసటి వేసవికి బావిలో చేద అడుగుకు తగిలి చప్పుడు చేసింది. ఆ చప్పుడు విన్న క్షణాన ఆమె ఖాళీ బిందె పట్టుకుని బయలుదేరింది.

"ఎక్కడికే ఈ ఎండలో?" అని మారయ్య అడ్డుపడ్డాడు.

"పోసిన నీళ్లు తిరిగి అడగడానికి."

"అలాంటి ఆచారం ఎక్కడైనా ఉందా?"

"లేదు మామా. ఇవాళ్టినుంచి ఉంటుంది."

చేద చప్పుడు అందరూ విన్నదే గనుక, ఒక్కొక్క గడపా దాటి ఆడవాళ్లంతా ఖాళీ బిందెలతో ఆమె వెంట నడిచారు. పేట పనులు చూడటానికి బీడుకు పల్లకిలో వచ్చిన సూరనాయకుడు వారిని చూసి పకపకా నవ్వి, "భూమి తాగేసిన నీళ్లు ఎవరు తిరిగిస్తారమ్మా? సరేలే, ఆలోచిస్తాం" అన్నాడు. పోలసాని అతనివైపు తలైనా తిప్పలేదు. బిందెను ఆ కొత్త బొడ్రాయి ముందు దించి, నుదురు ఆ శిలకు ఆనించి, "తల్లీ, నీకు దాహమన్నారని పోశాం, మా బావి తీసుకోమని కాదు. ఈ పెద్దమనుషులతో చెప్పి చెప్పి నా నోరు ఎండిపోయింది. మా నీళ్లు మాకిచ్చెయ్" అని ఎలుగెత్తి ప్రార్థించింది.

అప్పుడు ఆ శిలాపాదంలో భూమి చెమ్మగిల్లింది. చెమ్మ ఊటైంది, ఊట ధారై పోలసాని బిందెను నింపింది, ఆపై వెనకున్న బిందెలన్నిటినీ నింపింది, అంతటితో ఆగక పునాదుల్లోకి పరుగెత్తి ఇటుకల కొండలను బురదగా కరిగించి, పూడ్చిన దారిని చీల్చుకుని మళ్లీ వాగులో కలిసింది. బిందె వంచి నీళ్లు పోసే తల్లిలా బొడ్రాయి మొగిలిపాడు వైపు ఒరిగిపోయింది. బోయీలు పల్లకి వదిలి పారిపోగా, నడుములోతు బురదలో నిలిచిన సూరనాయకుడు, "ఎవరైనా చెయ్యందించండి!" అని కేకలు వేశాడు.

"ఆలోచిస్తాం దొరా" అన్నది పోలసాని. ఆ తర్వాతే చెయ్యందించింది.

ఈ వృత్తాంతం విన్న రాజు స్వయంగా విచ్చేసి, ఆ దేవికి తిరుగునీళ్లమ్మ అని నామకరణం చేసి, ఈ బీడులో ఎవ్వరూ ఎన్నడూ కప్పు వేయరాదని శాసించాడు. అందుకే ఈనాటికీ అక్కడ అమ్మవారికి సైతం గుడి లేదు, గోపురం లేదు. ఒరిగిన రాయి, దాని పాదం దగ్గర ఎండాకాలంలోనూ ఆరని చెమ్మ, అంతే. అన్ని ఊళ్లలో బొడ్రాయికి నీళ్లు పోస్తారు. మన ఊళ్లో ప్రతి వైశాఖంలో ఆడవాళ్లు ఖాళీ బిందెలతో వెళ్లి నీళ్లడుగుతారు.

ఇప్పుడు ఆ బీడులోనే ఇరవై అంతస్తుల మేడలు పన్నెండు కడతారట. రంగుల కాగితంలో అమ్మవారి చుట్టూ పచ్చగడ్డి, ఫౌంటెన్ కూడా వేసి చూపిస్తున్నారు! వాగు ఎటు పోవాలని అడిగితే ఏమన్నారో మీకు చెప్పాలా? సూరనాయకుడు అన్నదే.

వచ్చే గురువారం స్కూలు మైదానంలో షామియానా వేసి మన అభిప్రాయాలు వింటారట. కుర్చీ వేస్తారు, చల్లటి మజ్జిగ ఇస్తారు, నమస్కారం పెడతారు. మజ్జిగ తాగండి, తప్పులేదు. కానీ తాగి, తలూపి, ఇంటికి వచ్చేయకండి. తలూపినవాళ్లందరినీ సమ్మతించినవాళ్లలో కలిపేస్తారు. గడపకొకరు రండి. లేచి నిలబడి, మాకు సమ్మతం లేదని నోరు తెరిచి చెప్పండి. వస్తూ వస్తూ ఖాళీ బిందె తెచ్చుకోండి. ఆలోచిస్తామని వాళ్లు అనగానే అందరం ఆ బిందెలు వాళ్ల ముందు దించి, జవాబు వచ్చేదాకా అక్కడే కూర్చుందాం.