నమూనాకి సరిపోయిన ఇల్లు

తాడిపర్రు ఊళ్ళో తెలివనేది ఎక్కడైనా ఉందంటే అది తన గడప లోపలే ఉందని కోటిలింగం నమ్మకం. వానకి తడిసి పాడవుతుందని గొడుగు ఇంట్లో దాచి సంతకెళ్ళొచ్చే మనిషి మరి. భార్య మాణిక్యాంబ, కూతురు హైమ, తల్లి అచ్చమ్మ కూడా ఆ తెలివిలో వాటా ఉన్నవాళ్ళే.

హైమని ఒక పెద్ద కంపెనీ వాళ్ళు గురువారం పొద్దున్న కంప్యూటర్లో ఇంటర్వ్యూ చేస్తామన్నారు. అది తప్పితే మళ్ళీ పిలవరట. తీరా చూస్తే వైఫై ముందుగదిలోనే ఆగిపోతోంది. హైమ గదిలో మాట సగంలో తెగిపోతోంది. కోటిలింగానికి తిండి సయించలేదు. నెట్టు పెట్టే దావీదుని పిలిపించాడు.

“గోడలు, బీరువాలు, మనుషులు, అన్నీ అడ్డమేనండి,” అన్నాడు దావీదు. “వైఫై డబ్బా ఎక్కడ పెట్టాలో తెలియాలంటే ముందు ఇంటికొక నమూనా వేసుకుని చూడాలి. నమూనా, ఇల్లు అచ్చం ఒకలాగే ఉండాలండోయ్. లేకపోతే లెక్క కుదరదు.”

అంతే. కోటిలింగం ఫ్రిజ్ వచ్చిన అట్టపెట్టె తెచ్చి, తలుపూ కిటికీలూ కోసి, మధ్యలో వైఫై డబ్బా కూర్చోబెట్టాడు.

“లోపల అడ్డగోడ పెట్టరా?” అంది మాణిక్యాంబ.

“పెడితే డబ్బా పట్టదే.”

పక్కన ఫోను పెట్టి చూస్తే సిగ్నల్ నిండుగా ఉంది. కోటిలింగం పొంగిపోయాడు. “నమూనా బ్రహ్మాండంగా ఉంది. అంటే తప్పంతా ఇంట్లోనే ఉంది,” అని తేల్చేశాడు.

ఇంకేముంది, ఇంటిని దిద్దడం మొదలుపెట్టారు. నమూనాలో బీరువా లేదని బీరువాని వీధిలోకి ఈడ్చారు. అడ్డగోడ లేదని గునపంతో కూలగొట్టారు. పెట్టెకి మూత లేదని పెంకులన్నీ దించేశారు. ఇంట్లోకి ఎండ బాగా వస్తోందని మాణిక్యాంబ అప్పడాలు కూడా ఆరబెట్టుకుంది.

“ఒరేయ్, అందులో నేనెక్కడున్నానురా?” అంది అచ్చమ్మ.

“నువ్వు లేవమ్మా.”

“అయితే నన్ను బయట పెట్టండ్రా. నా మూలంగా పిల్ల ఉద్యోగం పోతే ఎలా?”

మంచంతో సహా ఆవిణ్ణి వీధిలో దించారు. ఇంటర్వ్యూ వేళయింది. హైమ కంప్యూటర్ తెరిచి, కాల్ కలిపి కూర్చోబోతుంటే కోటిలింగం చెయ్యి పట్టుకుని లేపాడు.

“ఇంటర్వ్యూ నాదే కదా నాన్నా?”

“నీదేనమ్మా. అందుకే నీకు సిగ్నల్ బాగా రావాలని బయటికి రమ్మంటున్నాను.”

నిజమే కదా అనిపించి హైమ వచ్చేసింది. నలుగురూ వీధిలోంచి చెవులు రిక్కించారు. లోపల్నుంచి ఒక పెద్దమనిషి గొంతు గంటలా వినిపించింది. ఒక్క ముక్క తెగలేదు. కోటిలింగానికి ఆనందంతో కళ్ళు చెమ్మగిల్లాయి.

“హైమగారూ, ఉన్నారా? అక్కడ ఎవరైనా ఉన్నారా?”

హైమ నోరు తెరవబోయింది. కోటిలింగం ఆమెను వారించి, గోడ మీంచి కేకేశాడు. “ఎవరూ లేరండీ.”

కాల్ కట్టయిపోయింది. హైమ ఏడుపు మొహం పెట్టింది.

“ఊరుకోవే,” అన్నాడు కోటిలింగం. “ఖాళీ ఇంట్లో ఎవరూ లేరని మనం చెబితే గానీ తెలుసుకోలేకపోయారు. అలాంటి వాళ్ళ దగ్గర చేరితే నీ తెలివి ఏమైపోయేది?”