అక్కమాంబ ఎక్కాల పుస్తకం

అనగనగా రేవుగిరి రాజ్యం. దాన్నేలే రాజుగారికి ఆరు కోటలున్నా, తన రాజ్యంలో ఎక్కాలు రాని పిల్లలున్నారన్న దిగులు మాత్రం తీరలేదు. అందుకని లెక్కల పుస్తకాలు రాయమని ఇద్దరిని పిలిపించాడు.

ఒకరు ఆస్థాన పండితుడు శేషభట్టు. ఆయన తన తాటాకుల కట్టకు లక్కముద్ర వేశాడు. "ఒక్క అక్షరం మార్చినా కొరడా దెబ్బలే!" అని చాటించాడు.

రెండోవారు పంతులమ్మ అక్కమాంబ. ఆమె మూడాకులకొక ఖాళీ ఆకు గుచ్చింది. మొదటి ఆకు మీద ఇలా రాసింది: "రాసుకోండి. మీకు తగ్గట్టు మార్చుకోండి. తప్పుంటే దిద్ది, పక్క ఊరికీ చెప్పండి."

శేషభట్టు పకపకా నవ్వాడు. "అమ్మా, అది పుస్తకమా, సంతా?"

రాజు మూడు ఊళ్ళు ఎంచాడు. ప్రతి ఊళ్ళో సగంమంది పిల్లలకు ఒక పుస్తకం, సగంమందికి రెండోది. "ఏడాదికి నేనే వచ్చి చూస్తాను. పనికొచ్చింది నిలుస్తుంది, రెండోది అటకెక్కుతుంది" అన్నాడు. తన పుస్తకం అటకెక్కితే దాన్ని నమ్ముకున్న పిల్లల చదువూ అంతేనని అక్కమాంబకు ఏడాదంతా ఒకటే బెంగ.

ఏడాది తిరిగింది. రాజు ఇద్దరినీ వెంటబెట్టుకుని బయల్దేరాడు. మొదటి ఊరు సముద్రం ఒడ్డున జాలరిపల్లె. భట్టుగారి పుస్తకం చదివిన పిల్లలు రాజోద్యానంలోని దానిమ్మపళ్ళ లెక్క గడగడా అప్పజెప్పారు.

"వరుసకు తొమ్మిది చేపలు, నాలుగు వరుసలు. మొత్తం ఎన్ని?" అని అడిగాడు రాజు.

"మా పుస్తకంలో చేపలు లేవు దొరా!"

అక్కమాంబ తన లెక్కల్లో రాసిన మామిడిపళ్ళను మాత్రం జాలర్లు ఎప్పుడో చేపలుగా మార్చేసుకున్నారు. ఆ పిల్లలు "ముప్పై ఆరు!" అని అరిచారు.

రెండోది గొల్లల కొండ. అక్కడ భట్టుగారి పుస్తకం పాడవకూడదని పెట్టెలో పెట్టి తాళం వేశారు. పిల్లలు దాని మొహమే చూడలేదు. అక్కమాంబ పుస్తకం వానకు తడిసిపోతే, గొల్లలు ఆ లెక్కలన్నీ తాడుకు ముడులుగా వేసుకున్నారు.

"పుస్తకాన్ని పలుపుతాడు చేశారు ప్రభూ!" అని భట్టు ఎగతాళి చేశాడు. ఒక గొల్లపిల్ల ఆ ముడులు తడుముతూ మంద లెక్క ఠక్కున చెప్పింది.

మూడోది నేతగాళ్ళ పేట. అక్కమాంబ పుస్తకం తిరగేస్తూ భట్టు ఎగిరి గంతేశాడు. "ఏడెనిమిదులు యాభై నాలుగని రాసింది ప్రభూ! ఎవరో కొట్టేసి యాభై ఆరు చేశారు!"

అక్కమాంబ వంగి చూసింది. రాత తనదే. తప్పూ తనదే.

ముసలి నేతగాడు సాంబయ్య చేతులు కట్టుకుని ముందుకొచ్చాడు. "మగ్గం మీద పోగులు తేడా వచ్చి పట్టుకున్నాం దొరా. అమ్మ చెప్పినట్టే దిద్దాం. కొండకూ, జాలర్లకూ కబురంపాం." భట్టు వైపు ఓరగా చూసి, "భట్టుగారి తొమ్మిదో ఎక్కంలోనూ ఒక తప్పుంది. దిద్దితే కొరడా దెబ్బలని..." అంటూ నసిగాడు.

రాజు భట్టుగారి పుస్తకం చదివిన పిల్లల వైపు తిరిగాడు. "తొమ్మిదార్లు?"

"యాభై మూడు!" అన్నారందరూ ఒక్క గొంతుతో.

భట్టు తల వంచుకున్నాడు.

"ఇక రాజ్యమంతా అక్కమాంబ పుస్తకమే" అన్నాడు రాజు. "కానీ అమ్మా, మూడు ఊళ్ళలో మూడు రకాలుగా ఉంది. ఇందులో నీదేది?"

అక్కమాంబ గుండె గర్వంతో పొంగింది. తలెత్తి చెప్పింది: "తప్పొక్కటే నాది ప్రభూ. మిగిలిందంతా మా అందరిదీ."

పిల్లలూ, పదిమందీ దిద్దుకోగలిగిన చదువే పదిచోట్లా పనికొస్తుంది.